1966 ఎంజీబీకి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించవచ్చా?

తిరుపతి ఎండలో మీ ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) సిగ్నల్ దగ్గర ఆగిందంటే మళ్లీ స్టార్ట్ కావడం లేదని, పెట్రోలును గాలితో కలిపే రెండు ఎస్‌యూ రకం కార్బురేటర్లూ తీసేసి, కంప్యూటర్ కొలిచి పెట్రోలు చిమ్మించే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడితే ఆ బెడద పోయి పవర్ కూడా పెరుగుతుందా అని అడిగారు. బెడద పోతుంది. పవర్ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. చిత్తూరులో నా 1971 బండికి ఈ పని చేయించాను, ఇప్పటికీ దాన్నే నడుపుతున్నాను.

ఈ 1798 సీసీ ఇంజన్‌లో కార్బురేటర్లు సరిగ్గా ఎగ్జాస్ట్ పైన కూర్చుంటాయి. బండి ఆపగానే ఆ సెగకు వాటిలోని పెట్రోలు మరిగిపోతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. అంతే గాలికి అది ఇంకాస్త ఎక్కువ కావాలి, కార్బురేటర్లలో పెట్రోలును కొలిచి వదిలే పాత సూదులు అంత వదలవు. ఇంజెక్షన్‌లో పెట్రోలు దాదాపు 3 బార్ల ఒత్తిడిలో తిరుగుతూ, మిగిలింది ట్యాంకుకు వెళ్లిపోతుంది కనుక అంత తేలిగ్గా మరగదు. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సార్‌ను బట్టి మిశ్రమం దానంతట అదే సర్దుకుంటుంది.

సిలిండర్‌కు ఒక ఇంజెక్టర్ పెడదామని ఎవరైనా ఊరిస్తే తలూపకండి. ఈ ఇంజన్ హెడ్‌లో (సిలిండర్ల పై భాగంలో) నాలుగు సిలిండర్లకు ఇన్‌లెట్ దారులు రెండే. ఒక సిలిండర్ పీల్చిన వెంటనే అదే దారి నుంచి పక్కది పీలుస్తుంది. టైమింగ్ కాస్త తప్పినా ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. ఇలాంటి హెడ్డే ఉన్న మినీకి రోవర్ కంపెనీ 1996లో దారికొకటి చొప్పున రెండే ఇంజెక్టర్లు పెట్టింది. కార్బురేటర్ల స్థానంలో బిగించే, ఇంజెక్టర్లు తనలోనే ఉండే థ్రాటిల్ బాడీ మనకు చాలు.

అసలు తలనొప్పి ట్యాంకు దగ్గర. కార్బురేటర్‌కైతే ఫ్లోట్ గదిలో కాస్త నిల్వ ఉంటుంది, ఇంజెక్షన్‌కు ఆ వెసులుబాటు లేదు. ట్యాంకులో పెట్రోలు అడుగంటినప్పుడు మొగిలి ఘాట్ మలుపుల్లో నా బండి దగ్గేది. పెట్రోలు ఒక పక్కకు ఒరిగి, పంపు గాలి పీల్చేది. మధ్యలో స్వర్ల్ పాట్ అనే, కాస్త పెట్రోలు నిల్వ ఉంచే చిన్న డబ్బా పెట్టించాక ఆ దగ్గు పోయింది. రిటర్న్ పైపు కొత్తగా వేయించాలి. ట్యాంకులోని తుప్పు కడిగించాలి, లేకపోతే ఇంజెక్టర్లు పూడిపోతాయి. ఇథనాల్‌ను, ఒత్తిడిని తట్టుకునే గొట్టాలే వాడండి. పాత రబ్బరు గొట్టం చిట్లితే పెట్రోలు చిమ్మేది ఎగ్జాస్ట్ మీదే.

మీది 1966 మోడల్ కాబట్టి డైనమో, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ వైరు బాడీకి కలిపి ఉండటం) ఉంటాయి. రెండూ మార్చక తప్పదు. ఆల్టర్నేటర్ లేకుండా పంపు, కంప్యూటర్, రాత్రి హెడ్‌లైట్లు కలిసి నడవవు. ప్లగ్ వైర్లు రెసిస్టర్ రకానివి వేయించండి, మామూలువైతే స్పార్క్ వల్ల పుట్టే విద్యుత్ నాయిస్‌కు కంప్యూటర్ తికమకపడుతుంది. ఇక ట్యూనింగ్, అది ల్యాప్‌టాప్‌తో చేసే పని. మా మేస్త్రీ చెవితో విని కార్బురేటర్ సర్దే మనిషి, ల్యాప్‌టాప్ చూడగానే ముఖం చిట్లించాడు. తర్వాత ఆయనే స్క్రీన్ తన వైపు తిప్పుకుని కూర్చున్నాడు, అది వేరే సంగతి.

రిజిస్ట్రేషన్ గురించి మీరు అడగలేదు కానీ, 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ కింద వీఏ నంబర్ రావాలంటే ఇంజన్‌తో సహా బండి అసలు రూపంలోనే ఉండాలి. ఆ నంబర్ మీద మనసుంటే ఇంజెక్షన్ మాట పక్కన పెట్టి, కార్బురేటర్లకు ఎగ్జాస్ట్ వేడి తగలకుండా అడ్డుపెట్టే కింది రేకు సరిగా ఉందో లేదో చూసుకుని, సూదులు మార్పించండి. లేదంటే పెట్టించుకోండి. తీసిన కార్బురేటర్లు, మానిఫోల్డ్ మాత్రం పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి.