అక్కడ అంట్లు ఎవరు తోముతారు?

చిరంజీవికి ఆశీస్సులు.

ఇక్కడి బతుకునూ అమెరికా బతుకునూ పోలుస్తూ డాలస్ నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీకు పట్టుబడింది. పసుపుపచ్చ స్కూలు బస్సు ఆగి, పక్కనుంచి ఎర్ర పలక చాపగానే వీధిలో కార్లన్నీ నిలబడిపోయే పేరా చాలా బాగుంది. మిగతా దానితోనే నాకు పేచీ.

ముందు చిన్నవి. జీతాన్ని మారకం రేటుతో గుణించి కోటి రూపాయలన్నావు. డాలర్లలో సంపాదించి డాలర్లలోనే అద్దె కట్టేదానివి, నీకెందుకమ్మా ఆ గుణకారం? కొనుగోలు శక్తి లెక్కలో ఒక డాలరు అక్కడ చేసే పనిని ఇక్కడ ఇరవై చిల్లర రూపాయలు చేస్తాయి. అదీ సగటే. క్షవరానికి అంతకన్నా తక్కువ చాలు, ఐఫోనుకు ఆ లెక్క అసలు పనికిరాదు. మానవాభివృద్ధి సూచికలో రెండు దేశాల ర్యాంకులు ఇచ్చి ఊరుకున్నావు. 1990లో ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ బృందం ఆ సూచికను తెచ్చిందే ఆదాయం ఒక్కటే చాలదని, ఆయుర్దాయం, చదువు కూడా చూడాలని. ఆదాయంలో జపాన్ కన్నా ఎంతో ముందున్న అమెరికా, ఆయుర్దాయంలో దానికి ఐదేళ్లు వెనక. రాయవలసింది ఆ ఎడం గురించి.

ఇక పెద్ద పేచీ. నీ వ్యాసంలో హైదరాబాద్ జీవితం హాయిగా ఉంది: వంటమనిషి, డ్రైవరు, పదినిమిషాల్లో గుమ్మానికి కూరగాయలు. అమెరికాలో అన్నీ మనమే చేసుకోవాలని వాపోయావు. నేనూ ఒకప్పుడు న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలుండి వచ్చి సరిగ్గా ఇలాంటి వ్యాసమే రాశాను. అది అచ్చయిన రోజు మా ఇంట్లో పనిచేసే ఆమెకు గొప్పగా చదివి వినిపించాను కూడా. అంతా విని, "అక్కడ అంట్లు ఎవరు తోముతారు?" అంది. మా అబ్బాయే అన్నాను. నవ్వింది. "మరి తోమేవాళ్లను పెట్టుకుంటే ఎంతిస్తారు?" గంటల లెక్కన ఇస్తారన్నాను. "గంటకా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఎంతో చెప్పలేకపోయాను. ఆరు నెలల్లో ఆ మాట ఎవరినీ అడగలేదు మరి.

మనం ఇక్కడ హాయి అంటున్నదానిలో పెద్ద భాగం ఆమెకు మనమిచ్చే తక్కువ జీతమే. అది నీ వ్యాసంలో లేదు. 2017 సవరణతో ఇక్కడ 26 వారాల జీతంతో ప్రసూతి సెలవు ఉందని, అక్కడి ఫెడరల్, అంటే కేంద్ర చట్టం 12 వారాల జీతం లేని సెలవుతో సరిపెడుతుందని రాశావు. నిజమే. కానీ ఇక్కడి చట్టం వర్తించేది ప్రధానంగా పదిమంది, ఆపైన పనిచేసే సంస్థలకు. నాలుగిళ్లలో పనిచేసే మనిషికి సెలవెవరిస్తారు? అలాగని అమెరికాను నెత్తిన పెట్టుకోకు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు ఏడు డాలర్ల పాతిక సెంట్ల దగ్గరే ఆగిపోయింది. మీ టెక్సాస్‌లోనూ అదే.

కాబట్టి గచ్చిబౌలి ఇంజినీరును డాలస్ ఇంజినీరుతో పోల్చడం ఇక ఆపు. ఎవరు ఎక్కడికి వెళ్లినా బాగానే ఉండే మనుషులు వాళ్లు. మీ ఆఫీసులో రాత్రిపూట నేల తుడిచే ఆమెను, ఇక్కడ మీ అమ్మగారింట్లో పనిచేసే ఆమెను పక్కపక్కన నిలబెట్టి రాయి. జబ్బు చేస్తే ఎవరు ఎక్కడికి వెళతారు, ఎంత అప్పు చేస్తారు, పిల్లలు ఏ బడికి వెళుతున్నారు, అడిగి తెలుసుకో. సిగ్గుపడకు. నేను సిగ్గుపడి ఒక వ్యాసం పాడుచేసుకున్నాను.

రెండో ప్రతి పంపేటప్పుడు ఆ నేల తుడిచే ఆమె పని అయ్యాక ఇంటికి ఎలా వెళుతుందో తప్పక రాయి. అంత రాత్రివేళ డాలస్‌లో బస్సు ఎంతసేపటికొకటి వస్తుందో తెలుసుకోవాలని నాకూ ఉంది.

ఉంటాను.