ములుగు భూకంపం హైదరాబాద్ దాకా ఎందుకు తెలిసింది? ఇక్కడ పెద్దది వస్తుందా?

ముందు రెండో ప్రశ్నకు చెబుతాను. ఫలానా రోజు భూకంపం వస్తుందని చెప్పగలిగే విద్య ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు. వీడియోల్లో తేదీలు చెప్పేవాళ్లను దయచేసి నమ్మకండి.

మాది కొత్తగూడెం. ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) బొగ్గు గనుల బ్లాస్టింగ్‌కు కిటికీలు అదరడం మాకు అలవాటే. ఒక్క దెబ్బ, అంతటితో ఆగిపోతుంది. 2024 డిసెంబర్ 4 పొద్దున ఏడున్నర కావస్తుండగా వచ్చింది మాత్రం వేరు. మొదట కాళ్ల కింద సన్నటి వణుకు, స్టాండులో గిన్నెల గలగల. ఆ వెంటనే మంచం అటూ ఇటూ ఊగింది. భూకంపం నేలలో రెండు రకాల తరంగాలను పంపుతుంది: ఆ వణుకు వేగంగా వచ్చే పి తరంగాలది, ఊపు వెనకాల వచ్చే ఎస్ తరంగాలది. అందరం వీధిలోకి వచ్చేశాం. మా నాన్నకు 1969 భద్రాచలం భూకంపం గుర్తొచ్చింది. దాని తీవ్రత 5.7, ములుగుది 5.3.

రెండూ గోదావరి లోయలోనే ఎందుకంటే, కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ నేల పొడవునా చీలి మధ్యభాగం కుంగింది. ఆ పల్లంలో పూడుకుపోయిన అడవులే నేటి సింగరేణి బొగ్గు. మన దేశాన్ని మోస్తున్న భారీ రాతి పలక (భారత ఫలకం) ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగదు, ఇలాంటి పాత చీలికల్లోనూ పేరుకుంటుంది. ఎప్పుడో ఒకచోట రాయి జారుతుంది.

బొగ్గు తవ్వకాల వల్లే వచ్చిందని మా ఊళ్లో చాలామంది అంటారు. గనుల లోతు వందల మీటర్లు, ములుగు కంపనం పుట్టింది దాదాపు 40 కిలోమీటర్ల లోతున. అలాగని మనిషి చేతుల్లో ఏమీ లేదని కాదు. 1967లో మహారాష్ట్రలోని కొయనా భూకంపానికి అక్కడి జలాశయమే కారణమని శాస్త్రవేత్తలు చెబుతారు.

అంత లోతున పుట్టింది కాబట్టే పైన నష్టం తక్కువ. మన దక్కన్ గట్టి రాతినేల తరంగాలను చాలా దూరం మోసుకుపోతుంది, అందుకే హైదరాబాద్‌లోనూ తెలిసింది.

నన్ను భయపెట్టేది మాత్రం లాతూర్. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున వచ్చిన ఆ భూకంపం తీవ్రత 6.2 మాత్రమే, కానీ లోతు తక్కువ. మట్టితో పేర్చిన బండరాళ్ల గోడలు, వాటిపైన బరువైన మట్టి మిద్దెలు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలి దాదాపు పది వేల మంది పోయారు. 2001లో భుజ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద గోడల్లేకుండా పిల్లర్లు, పార్కింగ్ మాత్రమే ఉన్నాయి.

మన ఊళ్లలో ఇప్పుడు కడుతున్నవి ఎక్కువగా ఇవే! అందుకే అంకెల గురించి టెన్షన్ పడేకంటే మీ ఇల్లు చూసుకోండి. మంచం పక్కనున్న బీరువాను గోడకు బిగించండి. ఊగుతున్నప్పుడు మెట్ల మీద పరుగెత్తకుండా గట్టి బల్ల కిందికి చేరండి. పాత ఇంటిపై ఇంకో అంతస్తు వేసేముందు మేస్త్రీ మాటతో సరిపెట్టుకోకుండా స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు పిల్లర్లు చూపించండి.