ఇటలీలో మనవాళ్ళ ఇంటికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఆడపడుచు, వాళ్ళాయన మిలాన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. మే నెలలో పిల్లల సెలవులకి నేను, మావారు, 13 ఏళ్ళ బాబు, 7 ఏళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్యగారు 12 రోజులకి వెళ్దామనుకుంటున్నాం. మిలాన్, వెనిస్, ఫ్లోరెన్స్, పీసా, రోమ్, నేపుల్స్, పాంపేయి అన్నీ చూసేయాలని మావారి పట్టుదల. అత్తయ్యగారేమో "నాకు ఊళ్ళెందుకమ్మా, పిల్లని చూస్తే చాలు" అంటున్నారు. ఎలా సర్దుకోవాలి? వీసాకి ఏం కావాలి? (ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ)

జవాబు: ముందు అత్తయ్యగారి మాట దగ్గరే మొదలుపెడదామమ్మా, ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. కూతుర్ని చూడాలని ఖండాలు దాటి వస్తున్న మనిషిని రోజుకో ఊరు చొప్పున రైళ్ళెక్కించి దింపుతుంటే, ఆవిడ ఆ పిల్ల పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునేది ఎప్పుడు? పైగా 12 రోజుల్లో రానూపోనూ దాదాపు రెండు రోజులు విమానాలకే పోతాయి, ఎందుకంటే విశాఖ నుంచి ఎలా వెళ్ళినా కనీసం ఒకచోట మారాలి. మీవారికి నొప్పి కలిగినా సరే చెప్తున్నాను, నేపుల్స్, పాంపేయి ఈసారికి వదిలేయండి. వాటికి దక్షిణాన విడిగా నాలుగు రోజులుండాలి, పరుగున చూస్తే అటు పాంపేయి శిథిలాలూ అర్థం కావు, ఇటు పాపకి ఎండా తట్టదు.

నేనైతే మిలాన్‌లో దిగి అక్కడే ఆరు రాత్రులుంటాను. తర్వాత ఫ్లోరెన్స్‌లో రెండు, రోమ్‌లో మూడు, చివరికి రోమ్ నుంచే తిరుగు విమానం. ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊరి నుంచి తిరిగొచ్చేలా టికెట్టు తీసుకుంటే మళ్ళీ వెనక్కి మిలాన్ రావక్కర్లేదు. ముందు ఆడపడుచు ఇంటికే ఎందుకంటే, మనం మోసుకెళ్ళే పచ్చళ్ళు, చీరలు, పసుపూ కుంకుమలు అక్కడ దిగిపోతే మిగతా ఊళ్ళకి తేలిక సంచులతో తిరగొచ్చు, మొదటి రెండు రోజులు పిల్లలు వేళకాని వేళ నిద్రపోయినా సొంత ఇల్లే కాబట్టి ఇబ్బంది ఉండదు. మే నెలలో అక్కడికీ ఇక్కడికీ మూడున్నర గంటల తేడా.

ఆ ఆరు రోజుల్లో శని, ఆదివారాలు వచ్చేలా తారీకులు చూసుకోండి, వాళ్ళకి సెలవు ఆ రోజుల్లోనే కదా. ఒకరోజు అందరూ కలిసి కోమో సరస్సుకి వెళ్ళండి. మిలాన్ సెంట్రల్ స్టేషన్లో రైలెక్కితే గంటా పది నిమిషాల్లో వరెన్నా, అక్కడి నుంచి పడవలో పావుగంటలో బెల్లాజియో. పడవలో కూర్చుని కొండలు చూడటానికి మోకాళ్ళతో పని లేదు, అత్తయ్యగారికి ఇటలీలో నేను చూపించాలనుకునే చోటు అదే. మిలాన్ పెద్ద చర్చి డుయోమో పైకప్పు మీదకి లిఫ్ట్ ఉంది, అయినా పైన కొన్ని మెట్లు తప్పవు, ఆవిడ కింద చౌరస్తాలో కూర్చున్నా బాగానే ఉంటుంది. 1386లో మొదలుపెట్టి శతాబ్దాల తరబడి కట్టారు దాన్ని. వారం మధ్యలో ఒకరోజు మీరిద్దరూ పిల్లల్ని తీసుకుని వెనిస్ వెళ్ళి రండి, వేగంగా వెళ్ళే రైల్లో రెండున్నర గంటల లోపే. అత్తయ్యగారిని మాత్రం ఆ రోజు ఇంట్లోనే ఉండనివ్వండి, ఆ ఊళ్ళో 400కి పైగా వంతెనలు, చాలావాటికి మెట్లే. పగటిపూట వచ్చి వెళ్ళేవాళ్ళ దగ్గర వెనిస్‌లో 2024 నుంచి కొన్ని రోజుల్లో ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు, 14 ఏళ్ళలోపు పిల్లలకి లేదు, మీ తారీకుకి వర్తిస్తుందో లేదో ముందే చూసి ఆన్‌లైన్లో కట్టేయండి.

ఇంకో మాట, ఇది మీవారితో, ఆడపడుచుతో కూర్చుని మాట్లాడాల్సింది. అత్తయ్యగారు మీతోపాటు తిరిగి రావాలని ఏముంది? షెంజెన్ వీసాతో (ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా అది) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు ఉండొచ్చు. ఆవిడ దరఖాస్తులో నెలో రెండు నెలలో అడిగి, ఆహ్వాన పత్రం, ఇన్సూరెన్సు, తిరుగు టికెట్టు అన్నీ ఆ తారీకులకే తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు విమానం వాళ్ళని వీల్‌చైర్ అడిగితే ఒక గేటు నుంచి ఇంకో గేటుకి వాళ్ళే చేరుస్తారు. అప్పుడు ఫ్లోరెన్స్, రోమ్ మీరు నలుగురే తిరుగుతారు, ఆవిడ తన కూతురి ఇంట్లో ఉంటారు. నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఇదే.

వీసా సంగతి. ఎక్కువ రోజులు ఇటలీలోనే కాబట్టి మధ్యలో జర్మనీలో విమానం మారినా దరఖాస్తు ఇటలీకే. ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు, 15 రోజుల లోపు పడితే కుదరదు, మే ప్రయాణానికైతే ఫిబ్రవరిలోనే అపాయింట్‌మెంట్ పట్టుకోండి, వేసవి దగ్గరపడేకొద్దీ దొరకడం టెన్షనే. రుసుము పెద్దలకి 90 యూరోలు, 12 ఏళ్ళు నిండిన మీ బాబుకీ అంతే, పాపకి 45. పాపకి వేలిముద్రలు అక్కర్లేదు, మిగతావాళ్ళు స్వయంగా వెళ్ళి ఇవ్వాలి. 30,000 యూరోలకి తగ్గకుండా మెడికల్ ఇన్సూరెన్సు, మీరు తిరిగొచ్చే తారీకు తర్వాత కనీసం మూడు నెలలు చెల్లే పాస్‌పోర్టు ఉండాలి. ఆడపడుచు నుంచి ఆహ్వాన పత్రం, వాళ్ళ నివాస అనుమతి కాగితం కాపీ తెప్పించుకోండి. చాలామందికి తెలియనిది ఒకటుంది: మనలాంటి విదేశీయుల్ని ఇంట్లో ఉంచుకున్నవాళ్ళు 48 గంటల్లోగా ఆ విషయం అక్కడి పోలీసు అధికారులకి రాతపూర్వకంగా తెలపాలి. మర్చిపోతే జరిమానా పడేది ఇల్లిచ్చినవాళ్ళకి. ఆడపడుచుకి ఇది ఇప్పుడే చెప్పి ఉంచండి.

టికెట్లు కూడా ముందే కొనాలి. మిలాన్‌లో లియొనార్డో ‘చివరి విందు’ చిత్రం ముందు నిలబడనిచ్చేది 15 నిమిషాలే, అదీ బుక్ చేసుకున్నవాళ్ళనే, ఆ టికెట్లు చాలా ముందుగానే అయిపోతాయి. రోమ్‌లో కొలోసియం టికెట్లు నెల ముందు తెరుస్తారు, వాటి మీద పేర్లుంటాయి కాబట్టి పాస్‌పోర్టులు దగ్గరుంచుకోండి. 18 ఏళ్ళలోపు పిల్లలకి ఉచితమే. వాటికన్ మ్యూజియం దగ్గరికి టికెట్ లేకుండా వెళ్తే చందనోత్సవం నాటి సింహాచలం క్యూ గుర్తుకొస్తుంది. నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు అది మూసి ఉంటుంది. ఫ్లోరెన్స్‌లో డేవిడ్ శిల్పం ఉన్న మ్యూజియానికి, ఉఫీజీ చిత్రశాలకి సోమవారం సెలవు. అక్కడి నుంచి పీసా రైల్లో గంట దూరమే, పూటలో చూసి రావచ్చు, కాని ఎనిమిదేళ్ళు నిండని పిల్లల్ని గోపురం ఎక్కనివ్వరు. మీ పాపకి బయల్దేరకముందే ఈ మాట చెప్పండి, అన్నయ్య ఎక్కుతుంటే కింద నిలబడటం ఆ వయసులో చిన్న బాధ కాదు.

ప్రశ్న: మా అబ్బాయి టొరినోలో చదువుతున్నాడు. చూడటానికి వెళ్తున్నాం. బంగినపల్లి మామిడిపళ్ళు, నెయ్యి, ఆవకాయ, ఎండు రొయ్యలు పట్టుకెళ్ళొచ్చా? (ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: ఆవకాయ నిరభ్యంతరంగా, కాకపోతే చేతి సంచిలో కాదు, చెక్-ఇన్ పెట్టెలో, రెండు కవర్లు చుట్టి. కందిపొడి, కారప్పొడి, చింతపండు కూడా సరే. నెయ్యి వద్దు, కోవా వద్దు, పనీర్ వద్దు: యూరప్ బయటి నుంచి పాలతో, మాంసంతో చేసినవి సామానులో తేనివ్వరు, కనిపిస్తే తీసేసుకుంటారు. చికెన్ పచ్చడీ అందుకే కుదరదు, ఆ కష్టం తలుచుకుంటే నాకూ బాధే. మామిడిపళ్ళకి, కరివేపాకుకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, ఇంటి సామానుకి ఎవరం తెచ్చుకోం, కాబట్టి అవి ఇక్కడే వదిలేయండి. కొబ్బరికాయలకి, అరటిపళ్ళకి ఆ నిబంధన లేదు. చేపల రకాలకి మనిషికి 20 కిలోల దాకా మినహాయింపు ఉంది, అంటే పూర్ణా మార్కెట్ నుంచి ఎండు రొయ్యలు నిక్షేపంగా తీసుకెళ్ళొచ్చు. వేయించి, చల్లార్చి, గాలి చొరబడని డబ్బాలో పెడితే వాసన పెట్టెలో బట్టలకి పట్టదు. అబ్బాయికి అవి చాలు, నెయ్యి అక్కడ వెన్న కొని కాచుకుంటాడు.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఇటలీలో బతకగలమా? (ఒక పాఠకురాలు, సీతమ్మధార)

జవాబు: హాయిగా తినొచ్చమ్మా, కొంచెం అడిగి తినాలంతే. మారినారా పిజ్జా అంటే టమాటా, వెల్లుల్లి, ఓరెగానో, ఆలివ్ నూనె, చీజ్ కూడా ఉండదు. వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆలివ్ నూనెతో చేసే పాస్తా మన నాలుకకి దగ్గరగా ఉంటుంది. ఎండబెట్టి అమ్మే పాస్తాలో మామూలుగా గుడ్డుండదు, తాజాగా చేసినదాంట్లో తరచుగా ఉంటుంది. పార్మిజానో చీజ్‌లో దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు, మీకు పట్టింపు ఉంటే అది వేయొద్దని చెప్పండి, పెస్తో పచ్చడిలోనూ అది కలుస్తుంది. రిజోట్టో అన్నం, కూరగాయల సూప్ చాలాచోట్ల మాంసం రసంతో వండుతారు, అడగకుండా తినొద్దు. "సెంజా కార్నే, సెంజా పేషే, సెంజా ఉవోవా" అనండి, మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. బిల్లులో మనిషికి ఒకటి రెండు యూరోలు ‘కొపేర్తో’ అని కనిపిస్తే కంగారు పడకండి, అది బల్ల దగ్గర కూర్చున్నందుకు వేసేది. రోమ్‌లో నీళ్ళ సీసాలు కొనక్కర్లేదు, వీధుల్లో ఎప్పుడూ పారే కుళాయిల నీళ్ళు తాగేవే.

ప్రశ్న: అక్కడ కారు అద్దెకి తీసుకుని తిరగడం మంచిదా? (ఒక పాఠకుడు, మధురవాడ)

జవాబు: ఈ పెద్ద ఊళ్ళకి వద్దు. పాత ఊరి మధ్యలోకి అనుమతి లేని కార్లు రాకూడదు, కెమెరాలుంటాయి, జరిమానా మీరు ఇంటికొచ్చాక నెలలకి వస్తుంది. రైళ్ళు చాలు, కాకపోతే చిన్న ఊళ్ళ రైళ్ళకి కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు స్టేషన్లో ఉన్న మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి. ఫ్లోరెన్స్ చుట్టూ ఉన్న టస్కనీ పల్లెలు, ద్రాక్షతోటలు చూడాలంటే మాత్రం కారే కావాలి. ఇక్కడ ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని, కారు ఫ్లోరెన్స్ ఎయిర్‌పోర్ట్ దగ్గర తీసుకుని, ఊళ్ళోకి రాకుండా అటు నుంచి అటే పల్లెల వైపు వెళ్ళి సాయంత్రానికి అక్కడే తిరిగిచ్చేయండి.