చిన్న కారు, పెద్ద దూరాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నడుపుతుంటే హుషారు పుట్టించే చిన్న కారు కొనాలని ఉంది. నెలకు రెండుసార్లయినా ఐదారు వందల కిలోమీటర్లు వెళ్లొస్తాం, ఎక్కువగా ఇద్దరమే. మజా ఉన్న కారు దూరాలకు పనికిరాదనీ, దూరాలకు పనికొచ్చే కారులో మజా ఉండదనీ తెలిసినవాళ్లంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ మాట సగమే నిజం. మజాను ఇచ్చేవి వేరు, అలసటను తెచ్చేవి వేరు. చిన్న కారుకు హుషారు వచ్చేది ప్రధానంగా తక్కువ బరువు వల్ల. 2017లో వచ్చిన సుజుకి స్విఫ్ట్ స్పోర్ట్ 1.4 లీటర్ల టర్బో (పొగ తోపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పంపు) ఉన్న ఇంజిన్‌తో కూడా టన్ను లోపే తూగింది. బరువు తక్కువైతే స్టీరింగ్ తిప్పగానే ముందు చక్రాలు మాట వింటాయి, బ్రేకు వేయగానే కారు ఆగుతుంది, మామూలు ఇంజిన్‌తోనే చురుకుదనం వస్తుంది. వీటిలో ఏదీ మనిషిని అలసిపోయేలా చేయదు.

అలసట తెచ్చేవి నాలుగు: సీటు, రోడ్డు రొద, గతుకుల కుదుపు, హైవే మీద ఇంజిన్ అవసరానికి మించి తిరగడం. కుదుపు సంగతే ముందు చూద్దాం, ఎక్కువమంది పొరబడేది అక్కడే.

షోరూంలో ఒకే మోడల్ రెండు మూడు సైజుల చక్రాలతో కనిపిస్తుంది. పెద్ద చక్రాలది అందంగా ఉంటుంది, చెయ్యి దానివైపే వెళ్తుంది. 195/55 ఆర్15, 205/40 ఆర్17 అనే రెండు టైర్లను పోల్చండి (మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, చివరిది రిమ్ము వ్యాసం అంగుళాల్లో). బయటి వ్యాసం రెండింటికీ దాదాపు 595 మిల్లీమీటర్లే. కానీ టైరు పక్కగోడ ఎత్తు మొదటిదానికి 107 మిల్లీమీటర్లు, రెండోదానికి 82. అంటే గతుకును మొదట మింగాల్సిన రబ్బరు, గాలి పొర 25 మిల్లీమీటర్లు తగ్గిపోయింది. ఆ భారమంతా షాక్ అబ్సార్బర్ మీద, ఆ తర్వాత మీ నడుము మీద పడుతుంది. గుంతలో పడితే రిమ్ము వంగడం, పక్కగోడ ఉబ్బడం కూడా వీటికే ఎక్కువ. దూరాలు తిరిగేవారు ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చే చక్రాల్లో చిన్నవాటినే తీసుకోవాలి. మలుపులో పట్టు కాస్త తగ్గుతుంది. దానిని మంచి రకం టైరు చాలావరకు పూరిస్తుంది.

తర్వాత చూడాల్సింది వీల్‌బేస్, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం. ఇది మరీ తక్కువైతే ముందు చక్రం ఎక్కిన గతుకు సర్దుకునే లోపే వెనక చక్రమూ దాన్ని ఎక్కేస్తుంది. కారు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. 2007లో వచ్చిన ఫియట్ 500కు ఇది 2300 మిల్లీమీటర్లు, అందుకే ఊరి సందుల్లో ఎంతో ముద్దొచ్చే కారు అతుకుల రోడ్డు మీద ఉయ్యాలైపోతుంది. పైన చెప్పిన స్విఫ్ట్‌కు 2450, 2014 తరం మినీ మూడు తలుపుల కారుకు 2495, ఏడో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌కు సుమారు 2630. మా అభిప్రాయంలో 2450 దాటితే సాఫీ ప్రయాణం సాధ్యమే. అంతకన్నా తక్కువుంటే గంటసేపు నడిపి చూడకుండా కొనకండి.

మీరిద్దరే వెళ్తారు కాబట్టి వెనక సీటు మడిస్తే డిక్కీ సమస్య ఉండదు. అందుకే మీకు ఐదు తలుపుల హ్యాచ్‌బ్యాక్, మధ్యరకం ఇంజిన్, చిన్న చక్రాలు, ఫ్యాక్టరీ సస్పెన్షన్ సరిగ్గా సరిపోతాయి. కొన్నాక కారును కిందికి దించే స్ప్రింగులు మాత్రం వేయించకండి. స్ప్రింగు పొట్టిదైతే షాక్ అబ్సార్బర్ కదిలే జాగా తగ్గుతుంది. సామాను ఎక్కించగానే బంప్ స్టాపులకు, అంటే చివర అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మలకు, దడేల్‌మని తగులుతుంది.

ప్రశ్న: టెస్ట్ డ్రైవ్ పావుగంటే ఇస్తారు. ఆ కాస్త సమయంలో దూర ప్రయాణానికి సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: పావుగంటలో తెలియదు. గంట అడగండి, అందులో సగమైనా హైవే మీద ఉండేలా చూసుకోండి. ఒప్పుకోకపోతే అదే మోడల్‌ను ఒకరోజు అద్దెకు తీసుకుని నడపండి.

బయల్దేరే ముందు సీటు సర్దుకోండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగే ఉండాలి. భుజాలు సీటుకు ఆనించి చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద వాలాలి. స్టీరింగ్ పైకీ కిందికే కాక ముందుకూ వెనక్కూ జరగకపోతే ఈ రెండూ ఒకేసారి కుదరడం కష్టం. పొడవు కాళ్లవారికి ఇది మరీ ముఖ్యం. తర్వాత తొడల కింద చెయ్యి పెట్టి చూడండి. చిన్న కార్లలో వెనక సీటుకు జాగా మిగల్చడానికి ముందు సీటు పీటను పొట్టిగా చేస్తారు. తొడలకు ఆసరా లేకపోతే బరువంతా తుంటి మీద పడి రెండో గంటకల్లా తిమ్మిరి మొదలవుతుంది. మెత్తగా ఉన్న సీటు మంచిదనుకోవద్దు. గట్టిగా ఉండి నడుము వంపుకు ఆసరా ఇచ్చేదే మూడు వందల కిలోమీటర్ల తర్వాత కూడా బాగుంటుంది. ఎడమ పాదం ఆనించే మెట్టు ఉందో లేదో, పెడళ్లు పక్కకు జరిగి నడుము మెలితిరిగేలా ఉన్నాయేమో చూడండి.

ఇక ఇంజిన్ తిరిగే వేగం. 100 కిలోమీటర్ల వేగంతో టాప్ గేరులో ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో (ఆర్‌పీఎం మీటర్ చూపుతుంది) రాసుకోండి. 2,500 దగ్గరుంటే హాయి, 3,000 దాకా సర్దుకోవచ్చు, 3,500 అయితే రోజంతా చెవిలో గుయ్‌మంటూనే ఉంటుంది. నడిపే అవకాశం లేకపోతే కాగితం మీదే లెక్క కట్టవచ్చు. 195/50 ఆర్16 టైరు చుట్టుకొలత 1.89 మీటర్లు. వందలో పోతుంటే కారు నిమిషానికి 1,667 మీటర్లు కదులుతుంది, అంటే చక్రం 882 చుట్లు తిరుగుతుంది. టాప్ గేరు నిష్పత్తి 0.75, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత చక్రాలకు ముందుండే చివరి గేరు) నిష్పత్తి 4.1 అనుకుంటే రెండూ గుణిస్తే 3.075. దాన్ని 882తో గుణిస్తే ఇంజిన్ దాదాపు 2,710 చుట్లు. ఈ నిష్పత్తులు కంపెనీ సాంకేతిక వివరాల పట్టికలో దొరుకుతాయి. గేర్లు ఆరున్నాయా ఐదున్నాయా అనేదాన్ని బట్టి తేల్చేయకండి. కొన్ని స్పోర్ట్ కార్లలో ఆరో గేరు కూడా పిక్‌అప్ కోసం పొట్టిగానే పెడతారు.

చివరగా పాట ఆపండి, ఫ్యాన్ ఆపండి. గరుకు తారు మీద పక్కనున్నవారితో మామూలు గొంతుతో మాట్లాడండి. గొంతు పెంచాల్సి వస్తే ఆ కారు మీకు కాదు.

ప్రశ్న: నాకు పైకప్పు తెరిచే మాజ్దా ఎంఎక్స్-5 మీదే మనసు. దాన్లో వారం రోజుల యాత్ర చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు, కానీ యాత్రను కారుకు తగ్గట్టు మలచుకోవాలి. 2015లో వచ్చిన నాలుగో తరం కారు డిక్కీ 130 లీటర్లు. నోరు చిన్నది, లోపల లోతుంది. గట్టి సూట్‌కేసు పట్టకపోవచ్చు, ముప్పై లీటర్ల మెత్తటి బ్యాగులైతే మూడు చక్కగా సర్దుకుంటాయి. స్టెప్నీ ఉండదు. లోపల గ్లోవ్ బాక్స్ కూడా ఉండదు, సీట్ల వెనక చిన్న అరలే దిక్కు.

పొడగరులు పైకప్పు మూసి కూర్చుని చూడాలి, తెరిచి కూర్చుంటే ఎవరికైనా పడుతుంది. తొలి సంవత్సరాల కార్లలో స్టీరింగ్ ముందుకు జరగదు, 2019 మోడల్ నుంచి ఆ సౌకర్యం ఇచ్చారు. పాతది కొనేటప్పుడు ఇది మర్చిపోవద్దు. గుడ్డ కప్పు మూసినా హైవే మీద గాలి రొద గట్టిగానే ఉంటుంది. నాలుగైదు గంటల ప్రయాణంలో పక్కన కూర్చున్నవారు మెత్తటి ఇయర్ ప్లగ్స్ వాడితే సాయంత్రానికి తలనొప్పి ఉండదు. నడిపేవారు మాత్రం చెవులు మూసుకోకూడదు. ఇవన్నీ తెలిసీ కొనేవారికి కొండదారిలో ఈ కారు ఇచ్చే ఆనందం, ఇంత తక్కువ బరువుతో, ఇప్పుడు తయారయ్యే కార్లలో చాలా అరుదు.

ప్రశ్న: చిన్న టర్బో ఇంజిన్ మంచిదా, టర్బో లేనిదా? టర్బో త్వరగా పాడవుతుందని భయంగా ఉంది.

జవాబు: లోడుతో ఘాట్ ఎక్కేవారికి టర్బోయే సుఖం. ఇంజిన్ తక్కువ వేగం దగ్గరే టార్క్, అంటే తిప్పే బలం, వస్తుంది కాబట్టి లారీని దాటడానికి రెండు గేర్లు దించాల్సిన పని ఉండదు. టర్బో లేని ఇంజిన్‌ను నాలుగైదు వేల చుట్ల దాకా తిప్పితేనే పరుగెత్తుతుంది. అదే సరదాగా తోచేవారూ ఉన్నారు.

టర్బో పాడవడానికి ప్రధాన కారణం ఆయిల్ మీద అశ్రద్ధ. కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్‌ను చెప్పిన గడువుకు ముందే మార్చండి. ఎక్కువ దూరం గట్టిగా లాగించి వచ్చాక వెంటనే ఇంజిన్ ఆపకండి, చివరి రెండు కిలోమీటర్లు నిదానంగా నడిపితే టర్బో చల్లబడుతుంది.

ఇంకో జాగ్రత్త ఉంది. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే చిన్న టర్బో ఇంజిన్లలో టాప్ గేరులో 1,500 చుట్ల దగ్గర ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, స్పార్క్‌కు ముందే ఇంధనం అంటుకునే ప్రమాదం ఉంది. పిస్టన్ పగిలేంత దెబ్బ అది. గేరు దించి తొక్కడం అలవాటు చేసుకోండి. డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే గ్రేడ్) అని రాసిన ఆయిల్ ఈ ఇబ్బందిని తగ్గించేలా తయారైనదే. 2020లో వచ్చిన ప్రమాణం అది.

ప్రశ్న: స్టెప్నీ లేకుండా పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తున్నారు. దూరం వెళ్లొచ్చా?

జవాబు: కిట్‌లోని జిగురు ద్రవం టైరు అడుగున మేకు గుచ్చుకున్న చిన్న రంధ్రాన్ని మూస్తుంది, అంతే. పక్కగోడ చీలినా, గుంతలో పడి రిమ్ము వంగినా దాంతో పని కాదు. దూర ప్రయాణంలో ఇబ్బంది పెట్టేవి ఆ రెండే. డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటితే ద్రవం గట్టిపడుతుంది.

డిక్కీ అడుగున చక్రం పట్టే గుంట ఉంటే మీ హబ్‌కు (చక్రం బిగించే మధ్య భాగానికి) సరిపోయే సన్న స్టెప్నీ, జాకీ, స్పానర్ విడిగా కొని పెట్టుకోండి. బోల్టుల మధ్య కొలత, మధ్య రంధ్రం కొలత రెండూ కలవాలి. బ్రేక్ క్యాలిపర్‌కు (డిస్కును నొక్కి పట్టే భాగానికి) తగలకుండా ఉందో లేదో ఒకసారి ఇంటి దగ్గరే బిగించి చూడండి. దానిమీద గంటకు 80 కిలోమీటర్లు మించకూడదు. ముందు చక్రాలతో నడిచే కారులో ముందు టైరు పంక్చర్ అయితే, వెనక చక్రాన్ని ముందుకు వేసి సన్న స్టెప్నీని వెనక బిగించడం మంచిది.

ప్రశ్న: ఐదేళ్ల పాత స్పోర్ట్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి నచ్చింది. ఏం చూడాలి?

జవాబు: ముందు టైర్లు. పక్కగోడ మీద తయారీ వివరాలు చెప్పే డీఓటీ కోడ్ చివరి నాలుగు అంకెలు 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. నాలుగూ వేర్వేరు కంపెనీలవైతే పాత యజమాని ఖర్చుకు వెనకాడాడని అనుకోవచ్చు. లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే అలైన్‌మెంట్ తప్పింది, లేదా కారును కిందికి దించారు.

తర్వాత నడపండి. 90 నుంచి 110 మధ్య స్టీరింగ్ వణికితే ముందుగా వీల్ బ్యాలెన్సింగ్‌ను అనుమానించండి, అది చిన్న పని. బ్రేకు వేసినప్పుడే వణికితే డిస్కులు. వేగంతోపాటు పెరిగే గుయ్ శబ్దం ఒకవైపు తిప్పినప్పుడు ఎక్కువైతే వీల్ బేరింగ్. టాప్ గేరులో 2,000 చుట్ల నుంచి గట్టిగా తొక్కండి. ఇంజిన్ వేగం పెరిగి కారు వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఆ మాటతోనే ధర తగ్గించమని అడగండి. తెల్లవారి చల్లటి ఇంజిన్‌ను మీ ఎదురుగానే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పండి. ఇంజిన్ కంప్యూటర్‌లో మార్పులు చేసి పవర్ పెంచిన కారైతే వదిలేయండి.

కొన్నాక తొలి దూర ప్రయాణానికి ముందు ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లు దాటితే పొడవాటి ఘాట్ దిగుతున్నప్పుడు మరిగి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది.

ప్రశ్న: ఏడాదికోసారి నలుగురం వెళ్తాం. పైన రూఫ్ బాక్స్ పెడితే సరిపోతుందా?

జవాబు: ముందు బరువు లెక్క చూడండి. తలుపు స్తంభం దగ్గర అంటించిన పలకమీద గరిష్ఠ బరువు ఉంటుంది. అది 1,450 కిలోలు, ఖాళీ కారు 1,050 అయితే మిగిలేది 400. నలుగురు పెద్దలకు 300 పోతే సామానుకు 100 కిలోలే. పైకప్పు మోయగలిగేది చిన్న కార్లలో సాధారణంగా 50 నుంచి 75 కిలోలు, అందులో రాడ్ల బరువు, బాక్స్ బరువు కూడా కలిసే ఉంటాయి. తేలికైన బట్టలు పైన, బరువైనవి డిక్కీలో సీటుకు ఆనించి పెట్టండి. వెనక టైర్లకు పూర్తి లోడుకు చెప్పిన గాలి పట్టించండి, హెడ్‌లైట్లు కిందికి దించండి. యాత్ర అయిపోగానే బాక్స్‌తోపాటు రాడ్లూ తీసేయండి. ఖాళీ రాడ్లు కూడా ఈల వేస్తూ మైలేజీ తింటాయి.

ప్రశ్న: చిన్న ఎలక్ట్రిక్ కారుతో దూరాలు వెళ్లొచ్చా?

జవాబు: పిక్‌అప్‌కు లోటుండదు, కానీ బ్యాటరీ బరువు వల్ల మలుపుల్లో ఆ తేలికదనం తగ్గుతుంది. హైవే లెక్క ఇలా వేసుకోండి: వాడుకోగల బ్యాటరీ 45 కిలోవాట్ అవర్లు, 110 వేగంలో వంద కిలోమీటర్లకు 18 కిలోవాట్ అవర్లు ఖర్చయితే నిండు చార్జికి 250 కిలోమీటర్లు. దారిలో ఆగినప్పుడు 80 శాతం దాకానే వేగంగా చార్జవుతుంది, 10 శాతం కింద దిగనివ్వరు. కాబట్టి ఒక ఆగుడుకూ మరో ఆగుడుకూ మధ్య 175 కిలోమీటర్లు. మీ దారిలో ఆ దూరంలోపు రెండేసి చార్జింగ్ చోట్లు ఉన్నాయా అని మ్యాప్‌లో చూశాకే కారు రంగు ఎంచుకోండి.