పాఠకుల ప్రశ్నలు: పరిచర్యలో పాలివారు

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనములు. సోంపేట మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఊరిలో తొమ్మిదేళ్లుగా చిన్న సంఘాన్ని చూసుకొంటున్నాను. కొంతకాలం ఒక సహోదరుడు నాతో కలిసి పరిచర్య చేశాడు. మందిరపు పైకప్పు రేకుల కోసం కూడబెట్టిన కానుకల లెక్క దగ్గర మా మధ్య మాట పెరిగి, అతడు నాలుగు కుటుంబాలను వెంటబెట్టుకొని వెళ్లిపోయాడు. ఇక ఎవరినీ దగ్గరకు రానివ్వకూడదని అప్పుడే నిశ్చయించుకొన్నాను. ఇప్పుడు పలాస వైపు నుంచి ఒక పెద్దాయన కలిసి పనిచేద్దామని పిలుస్తున్నారు. దేవుడు తోడుండగా మనిషి తోడు నిజంగా అవసరమా?

జవాబు: సహోదరా, మీ ఉత్తరాన్ని రెండు మూడుసార్లు చదివాను. నమ్మి పక్కన నిలబెట్టుకొన్న మనిషి వెళ్లిపోతే కలిగే బాధ చిన్నది కాదు. అయినా మీరు చివర అడిగిన ప్రశ్న ఆ గాయంలో నుంచి వచ్చినదే గాని లేఖనంలో నుంచి వచ్చినది కాదని నాకు అనిపిస్తోంది. ఏలీయా ప్రవక్త కూడా హోరేబు కొండ దగ్గర గుహలో ఉండి, తాను ఒక్కడే మిగిలానని దేవునితో రెండుసార్లు మొరపెట్టుకొన్నాడు. నేను తోడున్నాను, అది చాలునని దేవుడు అతనికి చెప్పి ఊరుకోలేదు. బయలు అనే అన్యదేవతకు మోకాళ్లూననివారు ఇంకా 7,000 మంది ఉన్నారని తెలియజేసి, ఎలీషాను ప్రవక్తగా అభిషేకించమని పంపాడు. అంటే దేవుడు తన తోడును చాలాసార్లు ఒక మనిషి రూపంలోనే మన ముంగిటికి పంపుతాడు, ఆ మనిషిని కాదనడం విశ్వాసమని మనం పొరబడుతుంటాం.

మీరు సముద్రపు ఒడ్డున ఉంటున్నారు కాబట్టి లూకా సువార్త 5వ అధ్యాయం నాకంటే మీకే బాగా అర్థమవుతుంది. రాత్రంతా ప్రయాసపడినా ఏమీ దొరకని సీమోను, ప్రభువు మాట చొప్పున వల వేసినప్పుడు చేపలు విస్తారంగా పడి వలలు పిగిలిపోసాగాయి. అప్పుడతడు వేరొక దోనెలో ఉన్న తన ‘పాలివారిని’ సంజ్ఞచేసి పిలిచాడు, వారు వచ్చి రెండు దోనెలూ మునిగేంతగా నింపారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఖాళీ వలతో గడిచిన ఆ రాత్రి సీమోను పక్క దోనెను పిలిచినట్టు ఆ కథలో లేదు. దీవెన వచ్చినప్పుడే పిలిచాడు, ఎందుకంటే ఆ దీవెన ఒక దోనెకు మించినది. రెండో దోనె లేకపోతే వలా పోయేది, చేపలూ పోయేవి. కష్టంలోనే తోడు కావాలని మనం అనుకొంటాం గాని, ప్రభువు మేలును నష్టపోకుండా ఒడ్డుకు చేర్చడానికి కూడా తోడు కావాలి.

‘పాలివారు’ అనే మాట మన తెలుగు బైబిలులో ఎంతో చక్కగా కుదిరింది. పాలు అంటే వాటా. పౌలు ఫిలిప్పీ సంఘానికి రాస్తూ, సువార్త విషయంలో వారు మొదటి దినము నుంచి పాలివారై ఉన్నందుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పాడు, అదే పత్రిక చివరలో ఇచ్చే విషయంలోను పుచ్చుకొనే విషయంలోను ఆ సంఘం తప్ప మరే సంఘమూ తనతో పాలివారు కాలేదని జ్ఞాపకం చేశాడు. వాటా ఉన్నవాడికి రాబడిలోనూ ఖర్చులోనూ నష్టంలోనూ భాగం ఉంటుంది, లెక్క అడిగే అధికారమూ ఉంటుంది. మీ ఊరి ఒడ్డున అలివి వల లాగేటప్పుడు రెండు కొసల దగ్గరా రెండు గుంపులు నిలబడతాయి కదా. ఒక గుంపు తాడు వదులు చేస్తే చేప అటునుంచి జారిపోతుంది, మరో గుంపు తన బలమంతా పెట్టినా లాభం ఉండదు. దైవికమైన జతపని కూడా ఇలాంటిదే. ఇద్దరికీ ఒకే వరం ఉండనవసరం లేదు, కాని ఇద్దరూ ఒకే ఒడ్డు వైపు లాగాలి.

ఇక మీ గాయం సంగతికి వస్తాను, ఎందుకంటే అసలు కష్టం అక్కడే ఉంది. పౌలుకు మరో పేరు సౌలు. సౌలు మారుమనస్సు పొందిన తరువాత యెరూషలేములోని శిష్యులు అతణ్ణి నమ్మక భయపడినప్పుడు, చెయ్యి పట్టుకొని అపొస్తలుల దగ్గరకు తీసుకెళ్లినవాడు బర్నబా. ఆ తరువాత తార్సు దాకా వెళ్లి అతణ్ణి వెదకి అంతియొకయకు తీసుకొచ్చిందీ బర్నబాయే, అక్కడ ఇద్దరూ ఏడాదిపాటు కలిసి బోధించారు. అంతటి జత కూడా మార్కును వెంట తీసుకువెళ్లాలా వద్దా అన్న ఒక్క విషయం దగ్గర విడిపోయింది. మార్కు అంతకుముందు పంఫూలియలో పనిని విడిచి వెనుదిరిగినవాడు. ఆ వాదంలో ఎవరిది న్యాయమో లేఖనం తీర్పు చెప్పలేదు, నేనూ చెప్పను. కాని జరిగినదాన్ని చూడండి. బర్నబా మార్కును తీసుకొని కుప్రకు వెళ్లాడు, పౌలు సీలను ఎంచుకొన్నాడు. ఒక జత విరిగిందని పౌలు ఒంటరిగా బయలుదేరలేదు. ఏళ్లు గడిచాక చెరసాలలో నుంచి తిమోతికి రాస్తూ, మార్కును వెంటబెట్టుకొని రమ్మని, అతడు పరిచర్యకు తనకు ప్రయోజనకరమైనవాడని పౌలే చెప్పాడు. మీ నుంచి వెళ్లిపోయిన సహోదరుడి గురించి దేవుడు చివరి మాట ఇంకా చెప్పి ఉండకపోవచ్చు.

మన ఉత్తరాంధ్ర తీరానికి సువార్త వచ్చిన తీరు కూడా ఇదే. 1805లో విశాఖపట్నంలో దిగిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజస్ అనే మిషనరీలు ఇద్దరుగా వచ్చారు. సువార్తలను తెలుగులోకి తెచ్చే పనిలో ఆనందరాయరు అనే విశ్వాసి వారికి తోడయ్యాడు. క్రాన్ 1809లోను, డెస్‌గ్రాంజస్ 1810లోను కన్నుమూశారు, అనువాదం ఆ తరువాత అచ్చయింది. ఆ పనిని ఒక్క మనిషే భుజాన వేసుకొని ఉంటే అతని సమాధి దగ్గరే ఆగిపోయేదేమో.

డబ్బు విషయంలో మొహమాటం లేకుండా రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. మీ ఇద్దరినీ విడదీసింది దుర్బుద్ధి కాకపోవచ్చు, లెక్క పుస్తకం లేకపోవడం కావచ్చు. యూదయలోని పేద పరిశుద్ధుల కోసం పోగుచేసిన చందాను పంపేటప్పుడు పౌలు తీతుతో పాటు సంఘాలకు నమ్మకమైన మరో ఇద్దరు సహోదరులను పంపాడు. తమ మీద ఎవరూ తప్పు మోపకుండా, ప్రభువు దృష్టిలోనే గాక మనుష్యుల దృష్టిలో కూడా యోగ్యమైనవాటిని ఆలోచించుకొంటున్నామని కారణం కూడా రాశాడు. అపొస్తలుడికి అవసరమైన జాగ్రత్త మనకు అవమానం ఎలా అవుతుంది? కానుకల పెట్టెను ఇద్దరు కలిసి తెరవాలి, సంఘ పెద్దలలో ఒకరు రాయాలి, నెలకొకసారి సంఘమంతటి ముందు చదవాలి.

పలాస పెద్దాయనకు వెంటనే ఔననీ కాదనీ చెప్పవద్దు. ముందుగా వెళ్లిపోయిన సహోదరుడి ఇంటికి మీరే వెళ్లండి, పెద్దలను వెంట తీసుకుపోకుండా ఒంటరిగా వెళ్లండి, మత్తయి 18వ అధ్యాయం చెప్పిన మొదటి మెట్టు అదే. మీ దగ్గర ఉన్న లెక్క కాగితాలు చేతికివ్వండి, మీ పొరపాటు ఉంటే ఒప్పుకోండి. అతడు తిరిగి వస్తాడని నేను హామీ ఇవ్వలేను. ఆ తరువాత పెద్దాయనతో కొన్ని నెలలు కలిసి ప్రార్థించి, కలిసి ఇళ్లు దర్శించి చూడండి. మీ తప్పును మీ ముఖం మీదే ప్రేమతో చెప్పగలిగిన మనిషైతే ఆయనతో పని మొదలుపెట్టండి.

ప్రశ్న: నా చిన్ననాటి స్నేహితురాలు, నేను కలిసి విజయనగరంలో కుట్టు దుకాణం పెట్టాలనుకొంటున్నాం. ఆమె హిందువు. ‘అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి’ అన్న వాక్యం చూపి మా సంఘంలో కొందరు వద్దంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఆ వాక్యం కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 6వ అధ్యాయంలోనిది. అక్కడ పౌలు మాట్లాడుతున్నది విగ్రహారాధనలో పాలు పొందడం గురించి. లోకంలోని వారితో ఏ సాంగత్యమూ వద్దనుకొంటే లోకంలో నుంచి వెళ్లిపోవలసి వస్తుందని మొదటి పత్రికలో ఆయనే రాశాడు. కాబట్టి కలిసి బట్టలు కుట్టడమే పాపమని నేను చెప్పలేను. అయితే జోడు అంటే ఒకే కాడి, ఒక ఎద్దు తిరిగితే రెండోదీ తిరగక తప్పదు. యెహోషాపాతు మంచి రాజే గాని దుర్మార్గుడైన అహజ్యాతో కలిసి ఎసోన్గెబెరులో ఓడలు కట్టించాడు, అవి ప్రయాణం చేయకముందే బద్దలైపోయాయి.

కనుక డబ్బు పెట్టకముందే స్నేహితురాలితో దాపరికం లేకుండా మాట్లాడండి. ఆదివారం ఆరాధన వేళ మీరు దుకాణానికి రాలేరని, తప్పుడు బిల్లు మీద సంతకం పెట్టరని, దుకాణంలో ఆమె పూజ చేసుకోవడం ఆమె ఇష్టమని, అందులో మీరు పాల్గొనరని చెప్పండి. ఆమె మనసు నొచ్చుకోకుండా, ఆమె భక్తిని తక్కువ చేయకుండా చెప్పండి. ఆమె ఒప్పుకొంటే పెట్టుబడి, వాటాలు, విడిపోవలసి వస్తే మిషన్లు ఎవరివన్న సంగతి కాగితం మీద రాయించి ఇద్దరూ సంతకాలు చేయండి.