ప్రహరీ మీద కరెంటు తీగ వద్దు

చి. సతీష్‌కు మావయ్య ఆశీస్సులు.

మేస్త్రి మాట విని ప్రహరీ చుట్టూ కట్టిన తీగకి కరెంటు ఇవ్వొద్దు. మిగతా ఉత్తరం తీరిగ్గా చదువుకో, ఆ పని మాత్రం ఈ రాత్రికే ఆపించు. మధురవాడ సైటులో ఊచలు, మోటారు పోయాయంటే నీ కడుపుమంట నాకు తెలుసు. బ్యాంకు లోను మీద కట్టుకుంటున్న ఇల్లు. అయినా మోటారు ఇంకోటి కొనుక్కోవచ్చు. ఆ తీగ తగిలి మనిషి పోతే కేసులో మొదటి ముద్దాయివి నువ్వే, మేస్త్రి పేరు నీ తరవాతే.

"నా స్థలంలోకి దొంగతనానికొచ్చి చస్తే నాదేం తప్పు?" అని అడిగావు. విశాఖ కోర్టులో ప్రాక్టీసు చేసినన్నాళ్లూ ఈ ప్రశ్న చాలామంది నోట విన్నాను. దీనికి సుప్రీంకోర్టు 1963లోనే జవాబు చెప్పేసింది. బీహారులో చెరుబిన్ గ్రెగరీ అనే ఆయన ఉండేవాడు. పక్కింటివాళ్ల మరుగుదొడ్డి గోడ కూలిపోతే వాళ్లు ఈయన మరుగుదొడ్డికి రావడం మొదలుపెట్టారు. వద్దన్నా మానలేదు. ఈయన ఇంట్లోంచి కరెంటు లాగి, తొడుగు లేని రాగి తీగ ఒకటి ఆ దారికి అడ్డంగా కట్టాడు. కరెంటు ఉందని ఎవరికీ చెప్పలేదు. పక్కింటావిడ లోపలికి వెళ్లేటప్పుడు తగల్లేదు, బయటికి వస్తూ తగిలి చనిపోయింది. ఆవిడ నా అనుమతి లేకుండా వచ్చింది, నా ఆస్తి నేను కాపాడుకున్నాను అని వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా వచ్చినంత మాత్రాన ఆ మనిషికి చట్టం రక్షణ పోదంది. చేత్తో కొట్టడం ఎంత తప్పో, దెబ్బ తగిలేలా ముందే ఏర్పాటు చేసి పెట్టడమూ అంతే తప్పంది. శిక్ష ఖాయం చేసింది.

అప్పట్లో అది పాత శిక్షాస్మృతి ఐపీసీలో 304-ఎ సెక్షను, అంటే నిర్లక్ష్యంతో మనిషి చావుకి కారణమవడం, గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 106 వచ్చింది, అయిదేళ్ల వరకూ వేయొచ్చు. చస్తారని తెలిసే కరెంటు పెట్టావని తేలితే సెక్షను ఇంకా పెద్దదవుతుంది. చనిపోయినవాడి భార్యాపిల్లలు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద నష్టపరిహారానికి వేరే దావా వేస్తారు.

అమెరికాలోనూ ఇదే తీర్పు. అయోవా రాష్ట్రంలో ఖాళీగా పడున్న ఇంట్లో తలుపు తీస్తే పేలేలా తుపాకీ కట్టారు. పాత సీసాల కోసం దూరినవాడి కాలు పోయినంత పనైంది. 1971లో అక్కడి సుప్రీంకోర్టు 30,000 డాలర్ల పరిహారాన్ని ఖాయం చేసింది. అది కట్టడానికి ఆ యజమానులు 80 ఎకరాలు అమ్ముకున్నారు.

ఆత్మరక్షణ హక్కు ఉంది కదా అంటావు. ఉంది. ఆస్తిని కాపాడుకోవడానికీ ఉంది. కానీ ఎదురుగా ఉన్న ముప్పుకి అవసరమైనంత బలమే వాడాలి. రాత్రి ఇంటి గోడకి కన్నం వేసి దూరినవాడి విషయం వేరు. తీగకి ఆ తేడా తెలియదు. దొంగనీ, బంతి కోసం దూకిన పిల్లాణ్ణీ, మేక కోసం వచ్చిన ముసలమ్మనీ ఒకేలా చంపుతుంది.

అలాగని దొంగకి జరిగే ప్రతిదానికీ నీదే పూచీ అని హడలిపోకు. గోడ దూకుతూ కాలు విరిగితే అది వాడి ఖర్మ. నీ స్థలాన్ని దొంగకి వీలుగా, సుఖంగా ఉంచాల్సిన పని నీకు లేదు. ఎత్తైన గోడ మీద పగలు కంటికి కనబడే ముళ్లకంచె, గాజుపెంకులు వేసుకోవచ్చు. రోడ్డున పోయేవాళ్ల చేతికో కంటికో తగిలే ఎత్తులో మాత్రం వద్దు. నీ గోడ నువ్వు అడ్డం పెట్టుకున్నది, అది చట్టం ఒప్పుతుంది. కనబడకుండా ఉచ్చు పన్నితే ఒప్పదు.

ఇప్పుడు నువ్వు అడగని సంగతి. నాకు తీగ కన్నా ఎక్కువ దిగులు అదే. మీ సైటులో మూలనున్న మామిడిచెట్టు, దాని పక్కన పాత నుయ్యి. వేసవి సెలవుల్లో కొండవాలు ఇళ్ల పిల్లలంతా కాయలకి ఆ గోడే దూకుతారని నువ్వే చెప్పావు. చెప్పావంటే నీకు తెలుసన్నమాట. తెలిసీ నుయ్యి తెరిచి వదిలేస్తే, వాళ్లని నేను పిలవలేదు అన్న మాట కోర్టులో నిలబడదు. మామిడికాయ కోసం వచ్చిన పిల్లాణ్ణి మోటారు ఎత్తుకెళ్లే దొంగతో సమానం చెయ్యలేం. చిన్నపిల్లల దగ్గర పెద్దవాడి జాగ్రత్త ఆశించకూడదని న్యాయస్థానాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. చట్టం సంగతి అటుంచు, ఆ నూతిలో ఎవరి బిడ్డ పడినా ఆ ఇంట్లో నీకు నిద్ర పడుతుందా?

నూతి మీద ఇనుప గ్రిల్లు బిగించి తాళం వెయ్యి. సంపుకి మూత ఎప్పుడూ ఉండాలి. సెప్టిక్ ట్యాంకు గొయ్యి చుట్టూ రేకులు పాతించు. నీళ్లు పడని ఆ బోరు ఉంది చూడు, దాని మీద గోనెసంచి కప్పి రాయి పెట్టడం పనికిరాదు. వదిలేసిన బోర్లని అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశాలిచ్చింది. వాడుకలో ఉన్నదానికైతే కేసింగు పైపు మీద స్టీలు ప్లేటు వెల్డింగు చేయించాలి, లేదా నట్లు బోల్టులతో గట్టి మూత బిగించాలి.

కొండవైపు గోడ కూడా చూసుకో. హుద్‌హుద్ తుఫానుకి మన ఊళ్లో ఎన్ని ప్రహరీలు పడ్డాయో నీకు గుర్తుండే ఉంటుంది. నీ గోడ వెనక మట్టి నాని ఒరిగితే, బయట నీడకి కూర్చున్నవాళ్ల మీద పడుతుంది. నీళ్లు పోవడానికి గోడలో పైపులు పెట్టించు. కుక్కని పెంచితే గేటుకి బోర్డు కట్టు, పగలు గొలుసు వెయ్యి.

దొంగల సంగతికి ఇవి చాలు: సామాను తాళం వేసే గదిలో పెట్టు, ఊచలు అవసరమైనన్ని మాత్రమే తెప్పించు, మూలకో లైటు, ఒక కెమెరా, నమ్మకమైన వాచ్‌మన్. పోయిన సామానుకి పీఎం పాలెం స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకో. దొరికిన దొంగని స్తంభానికి కట్టి కొట్టనివ్వొద్దు, అదీ కేసే. 112కి ఫోన్ చేసి అప్పజెప్పు.

ఎవరికైనా దెబ్బ తగిలితే మొదట 108. తగవు తరవాత. ఎవరు తప్పో ఆ గొడవలో తేల్చకు, తెల్లకాగితం మీద సంతకం పెట్టకు, అక్కడున్నది ఏదీ కదపకు, ఫోటోలు తీసుకుని నాకు చెప్పు. ఇల్లు పూర్తయ్యాక బీమా తీసుకునేటప్పుడు, బయటివాళ్లకి జరిగే హానికి కూడా కవరేజీ ఉందా అని అడిగి, ఉన్నది కాగితం మీద చూసి తీసుకో.

ఆదివారం పొద్దున్న నేను సైటుకి వస్తాను. నూతి వెడల్పు ఈలోగా టేపుతో కొలిచి ఉంచు. గ్రిల్లు చేసే మనిషిని వెంటబెట్టుకొస్తాను.

నీ మావయ్య