అమ్మాయి నాచు మీద పరిశోధన చేస్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీజడ్‌సీ ఫైనల్ ఇయర్. కాలేజీ ల్యాబ్‌లో పచ్చ పారమీషియం చూసినప్పటి నుంచి, ఏకకణ జీవుల్లో ఉండే నాచు మీదే పరిశోధన చేస్తానంటోంది. హైదరాబాద్‌లో ఆరు నెలల బయోఇన్ఫర్మాటిక్స్ (జీవుల జన్యు సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే విద్య) కోర్సు చేస్తే వెంటనే ఉద్యోగం అంటున్నారు. రెండింటిలో ఏది మంచిది?
– రొయ్యల చెరువులు చేసే ఒక తండ్రి, భీమవరం

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయండి. సబ్జెక్టు మారుతుంది గానీ లోపలి టెన్షన్ ఒకటే. చదువు ఏళ్ల తరబడి సాగిపోయి, పిల్ల స్థిరపడకుండా ఉండిపోతుందేమోనని.

అసలు అమ్మాయికి ఏం నచ్చిందో అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఆమె చూసిన పచ్చ పారమీషియం, అంటే పారమీషియం బర్సేరియా, ఒకే ఒక్క కణం. దాని లోపల క్లోరెల్లా అనే పచ్చ నాచు కణాలు వందల కొద్దీ బతుకుతాయి. అవి వెలుతురులో మాల్టోజ్ అనే చక్కెరను, ఆక్సిజన్‌ను తయారుచేసి ఇస్తాయి. బదులుగా వాటికి నత్రజని, కార్బన్ డయాక్సైడ్, శత్రువుల నుంచి రక్షణ దొరుకుతాయి. విచిత్రమేమిటంటే, క్లోరెల్లా మొదట లోపలికి వెళ్లేది ఆహారంగానే. చాలావరకు అరిగిపోతాయి. తప్పించుకున్న కొన్ని మాత్రం ఒక్కొక్కటి ఒక్కో పల్చటి పొరలో నిలిచిపోయి, అక్కడే పిల్లలు పెడతాయి. ఎక్కువకాలం చీకట్లో పెంచితే పారమీషియం తెల్లబడుతుంది, మళ్లీ క్లోరెల్లా అందిస్తే పచ్చబడుతుంది. ఇది చూసి కుతూహలపడిన పిల్లని దారి తప్పిందనుకోవడం అన్యాయం.

చెరువు నీటి రంగు చూసి ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) ఎలా ఉందో చెప్పగలిగే మీరే, ఆ చదువు మీద సందేహపడటం నాకు బాధగా ఉంది. అరేబియా సముద్రంలో చలికాలంలో నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి విపరీతంగా పెరిగి నీళ్లు పచ్చబడుతున్నాయి. అదీ ఒకే కణం, దాని లోపలా నాచే. అక్కడ అంతకుముందు డయాటమ్‌లు అనే మరో రకం ఏకకణ నాచుదే పైచేయి. సముద్రంలో నాచు ఇలా పెరగడాన్ని ఉపగ్రహాలతో గమనించే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఇక ఆ ఆరు నెలల కోర్సు. నాకు దాని మీద నమ్మకం తక్కువ. బయోఇన్ఫర్మాటిక్స్ మంచి విద్యే. కానీ జీవశాస్త్రంలో గట్టి పునాది, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ మూడూ ఉన్నవాళ్లకే అది అన్నం పెడుతుంది. నాలుగు సాఫ్ట్‌వేర్లు నొక్కడం నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెడితే ఏ కంపెనీ పిలుస్తుంది? ఫీజు కట్టించుకునేవాళ్లు ఉద్యోగం గ్యారంటీ అంటే, ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. పైగా నాచు జన్యువులు చదవాలంటే ఈ విద్య ఎలాగూ కావాలి. ఎంఎస్సీ చేస్తూనే నిదానంగా నేర్చుకుంటుంది.

పీహెచ్‌డీ తేలికని నేననను. ఐదారేళ్లు పడుతుంది, పర్మనెంట్ పోస్టులు తక్కువ. అయితే జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె వేరు. మీ మీద భారం పడదు. పైగా ఆ నిర్ణయం ఇవాళ తీసుకోనక్కర్లేదు. ముందు రెండేళ్ల ఎంఎస్సీ, బోటనీ గానీ మైక్రోబయాలజీ గానీ. ప్రాజెక్టు పని తప్పనిసరిగా ఉన్న చోట చేర్చండి. కల్చర్ (ల్యాబ్‌లో సూక్ష్మజీవుల్ని) పెంచడం, మైక్రోస్కోపీ, పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష) చేతికి వస్తే, పరిశోధన వద్దనుకున్నా మీ ఊళ్లోని ఆక్వా ల్యాబుల్లోనే ఆ పని తెలిసినవాళ్లు కావాలి.

అమ్మాయి పెళ్లి గురించి మీరు రాయలేదు గానీ, అదీ మనసులో ఉండే ఉంటుంది. చదువు దానికి అడ్డం రాదు, ధైర్యంగా ఉండండి. ఆ కోర్సుకని తీసి ఉంచిన డబ్బు ఎంఎస్సీ ఫీజుకు వాడండి.